వంద సందుల శంఖం

"నిన్నటి పులుసే కదా అత్తయ్యా. అదే!" అంది ఉత్పల.

చెంగల్వమ్మ చేతిలోని గిన్నె నేలమీద పెట్టేసింది.

"ఏమన్నావు?"

"పులుసు... నిన్న రాత్రి మిగిలింది. వేడిచేశాను. మామయ్యగారు అడిగితే పోశాను."

"పోసినందుకు అడగలేదు. ఏ మాట అన్నావని అడిగాను."

ఉత్పల నాలుక కరుచుకుంది. పెళ్ళయి మూడు నెలలైంది. ఆ ఒక్క మాట ఈ ఇంట్లో నోరుజారి అనకూడదని మూడు నెలలుగా రోజూ తలచుకుంటూనే ఉంది. రోజూ అంటూనే ఉంది.

"నిన్న అందులో ఆనపకాయ ముక్క గట్టిగా ఉంది" అంది చెంగల్వమ్మ. "రాత్రంతా నాని మెత్తబడింది. పులుపు ముక్కలోకి దిగింది, ముక్కలోని తీపి రసంలోకి వచ్చింది. పైగా పొయ్యిమీద మరచిపోయి అడుగు మాడ్చావు. నిన్నటిదాన్ని పోలిన పులుసు అను, ఒప్పుకుంటాను. అదే పులుసు అంటే మాత్రం ఒప్పుకోను."

"ఆ గిన్నె ఉట్టిమీంచి ఎక్కడికీ వెళ్ళలేదుగా అత్తయ్యా? ఒక్క రాత్రికే మారిపోతే, మరి నిన్నటి మీరూ ఇవాళ్టి మీరూ..."

"నన్ను పులుసుతో పోలుస్తావటే!"

పీటమీద కూర్చున్న గవరయ్యకు నవ్వొచ్చి పొలమారింది. "ఏ పులుసైతేనేమే, ఆ పోలినదాన్నే ఇంకో గరిటె పొయ్యమను" అన్నాడు.

"మీరు ఊరుకోండి. ఈ ఇంట్లో పుట్టినవాళ్ళకి ఈ సంగతులు ఎలాగూ తెలీవు" అని భర్త నోరు మూయించి, చెంగల్వమ్మ పులుసు గిన్నె తీసుకుని పెరట్లోకి పోయింది.

ఆమె మాటలో అబద్ధం లేదు. శుక్తిపురం ముత్యాల పట్నం. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు ముత్యాలు కొనడానికి వచ్చే దేశదేశాల వర్తకులు. మంచి ముత్యం ఉన్నచోటే దొంగ ముత్యమూ ఉంటుంది కనుక, ఇది పోయిన వస్తువేనా, ఈ ముద్ర రాజుగారిదేనా, ఇరవయ్యేళ్ళకు తిరిగొచ్చిన ఈ మనిషి ఆ మనిషేనా అని తేల్చడానికి పూర్వం ఒక రాజు ఒక కుటుంబాన్ని నియమించాడు. ఊళ్ళో దాన్ని సాటిమాట ఇల్లు అంటారు. ఆ ఇంట్లో మాటలు మూడే. చూపుకు ఒకేలా ఉంటే 'పోలింది' అంటారు. విలువలో తూగితే 'సాటి' అంటారు. పై రూపమూ, లోపలి గుణమూ, ఇంతదాకా నడిచివచ్చిన దారీ మూడూ కలిస్తే తప్ప 'అదే' అనరు. ఆ మూడో మాట చెప్పడానికి ముందు ఆ వస్తువుతో, అది ఇంటికి వచ్చినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా కాపురం చెయ్యాలి. ముట్టుకోవాలి, వాడాలి, వాసన చూడాలి, ఒక చిటికెడు నాలుకమీద వేసుకోవాలి. తప్పు మాట చెప్పినవాళ్ళను తెడ్డులేని పడవలో ఎక్కించి నడిసముద్రంలోకి తోసేస్తారు.

ఇంకో కట్టుబాటుంది. ఆ మాట చెప్పే హక్కు ఇంటి కొడుకులకు రాదు, కూతుళ్ళకూ రాదు. అత్త నుంచి కోడలికి పోతుంది. పుట్టి పెరిగిన ఇంట్లో కళ్ళకు అన్నీ అలవాటైపోతాయి. బయటినుంచి వచ్చిన కళ్ళకే తేడా కనిపిస్తుంది. చెంగల్వమ్మ కొండలమీది ఊరినుంచి వచ్చింది. ఉత్పల రేవులో పడవలు నడిపేవాళ్ళ పిల్ల. ఆమె భర్త సారంగుడు వలలు అల్లుకుంటాడు. ఇంటి పేరెంత గొప్పదైనా, తల్లి ముందు 'అదే' అనడానికి అతనికీ అధికారం లేదు.

పులుసు గొడవ చల్లారకముందే వీధిలో బూర ఊదారు.

ఎనిమిదిమంది బోయీలు మోస్తున్న పల్లకి వాకిట్లో ఆగింది. అందులో మనిషి లేడు. పట్టుపరుపు మీద ఒక శంఖం ఉంది. పసిపిల్ల అరికాలి రంగులో ఉంది దాని నోరు. పల్లకి వెనకే రాజదూత, ముసలివాడు, కర్ర పట్టుకుని నడిచివచ్చాడు. అతని పక్కన తెల్లని ఉత్తరీయం కప్పుకున్న ఒక వైద్యుడు. అతని వెంట్రుకల్లోంచీ బట్టల్లోంచీ అగరు పొగ వాసన వేస్తోంది.

"చెంగల్వమ్మా, రాజుగారి పని" అన్నాడు రాజదూత. "రాకుమారి మౌక్తిక నలభై రోజులుగా కళ్ళు తెరవలేదని నీకు తెలుసు. ఎవడో మాంత్రికుడు ఆమె కల దొంగిలించాడు. ఈ అగరుదత్తులవారు ఏడు దీవులు వెదికి దాన్ని తెచ్చానంటున్నారు. ఈ శంఖంలో ఉందట."

"నువ్వు 'అదే' అన్న మరుక్షణం శంఖం రాకుమారి చెవిలో వంచేస్తాను. లేచి కూర్చుంటుంది" అన్నాడు అగరుదత్తుడు మెత్తగా. "రాజుగారు నాకు సగం రాజ్యం రాసిస్తామన్నారు. నాకెందుకమ్మా రాజ్యం? ఆ పిల్ల నవ్వితే చాలు."

"కాదంటే?" అంది ఉత్పల.

"దొంగ సరుకుకు శుక్తిపురంలో ఒకటే శిక్ష. పట్టపుటేనుగు పాదం కింద పొడి చేస్తారు" అన్నాడు రాజదూత. "ఈ పూట పొద్దు గుంకేదాకా శంఖం మీ ఇంట్లో ఉంటుంది. మేం వాకిట్లో ఉంటాం."

రాకుమారి చిన్నప్పుడు రోజూ తెల్లవారి తన కలను దాదికి చెప్పేదట. ఆ దాది చెప్పిన గుర్తులు రాజదూత ఒక్కొక్కటే అప్పగించాడు. తెల్లని ఇసక పరిచిన సందు. కొక్కెం లేకుండా ఆకాశంలోంచి వేలాడే ఉయ్యాల. మల్లెలు అమ్మే తాత, అతని చేతి దండలో ఒక పువ్వు తక్కువ. మంటకు బదులు చేప ఈదే దీపస్తంభం. సందు చివర తియ్యని సముద్రం.

చెంగల్వమ్మ అన్నీ విని, పెరట్లో చాప పరిపించి శంఖాన్ని దానిమీద పెట్టించింది. తన కొంగు, కోడలి కొంగు కలిపి ముడివేసింది.

"చెవి ఆనించు. హోరు వినిపిస్తుంది. ఆ హోరు రెండుగా చీలినచోట అడుగు వెయ్యి. నేను చెప్పేదాకా ఏ మాటా అనకు. ముఖ్యంగా..."

"అనను అత్తయ్యా."

హోరు మొదట దూరంగా, తర్వాత దగ్గరగా, తర్వాత ఒంట్లోనే వినిపించింది. కళ్ళు తెరిచేసరికి వాళ్ళు గులాబి రంగు గోడల మధ్య మెలికలు తిరిగే నున్నని దారిలో ఉన్నారు. గోడలు ఊపిరి తీస్తున్నట్టు కదులుతున్నాయి. మూడు మెలికలు తిరిగాక దారి విప్పారి, ఒక సందులోకి వదిలింది.

అక్కడి వెలుతురుకు సూర్యుడు లేడు. పాలమీద మీగడ కట్టినట్టు ఆకాశం ఒక పలుచని పొర. ఆ పొరలోంచి రెండు పట్టుతాళ్ళు దిగి, మధ్య చందనపు చెక్క ఊగుతోంది. ఇసక పాదాల కింద గరగరమనడానికి బదులు చిన్నగా పాడుతోంది. ఇళ్ళ గోడలకు తలుపులున్నాయి గానీ గడియలు లేవు. దీపస్తంభంపై గాజుబుడ్డిలో ఎర్రని చేప ఒకటి మెల్లగా తిరుగుతుంటే దాని నీడ సందంతా పూలతీగలా పాకుతోంది. తాత మల్లెలు గుచ్చుతున్నాడు. ఆ మల్లెల వాసనకు ఉత్పలకు తన చిన్నప్పటి జ్వరమూ, జ్వరంలో తల్లి చల్లని చెయ్యీ గుర్తొచ్చాయి.

"ఎంత బాగుందో!" అంది.

"బాగుండడం కాదు, చూడు" అంది చెంగల్వమ్మ. ఆమె ఇసక వేళ్ళతో నలిపింది, చందనపు చెక్క గీకి వాసన చూసింది, దండలో పూలు లెక్కపెట్టింది. ఏడో పువ్వుకూ ఎనిమిదో పువ్వుకూ మధ్య ఒక పువ్వు పట్టేంత ఖాళీ. దాది చెప్పినట్టే ఉంది. "పోలింది. ఇంకా పద."

సందు మలుపు తిరిగారు. తెల్లని ఇసక, ఉయ్యాల, దీపస్తంభం, తాత.

"తాతగారు మనకంటే ముందే వచ్చేశారత్తయ్యా" అని నవ్వింది ఉత్పల.

ఇంకో మలుపు. మళ్ళీ ఇసక, ఉయ్యాల, చేప, తాత. ఇంకో మలుపు. ఐదో సందులో ఉత్పల నవ్వడం మానేసింది. పదో సందులో తాత దండ చూసింది. ఏడుకూ ఎనిమిదికీ మధ్యనే ఖాళీ. ఇరవయ్యో సందులో చేప ఎడమవైపు తిరగబోయే క్షణానికి ముందే అది ఎడమవైపు తిరుగుతుందని చెప్పగలిగింది. బయట మధ్యాహ్నమయ్యే వేళకు వాళ్ళు అరవై సందులు నడిచారు. కాళ్ళు నొప్పి పుట్టలేదు, ఆకలి వెయ్యలేదు. అదే భయంగా ఉంది.

"మా పుట్టింటి రేవు నాకు తరచూ కలలోకి వస్తుంది అత్తయ్యా. ఒకసారి మెట్లు నీళ్ళలోకి దిగుతాయి. ఒకసారి ఆకాశంలోకి ఎక్కుతాయి. ఒకసారి మా నాన్న పడవలో ఏనుగు కూర్చుంటుంది. ఇన్నేళ్ళలో రెండుసార్లు ఒకేలా రాలేదు. కల ఎక్కడైనా ఇంత పద్ధతిగా ఉంటుందా?"

చెంగల్వమ్మ ఆగి కోడలివైపు చూసింది.

"ఊఁ" అంది.

ఆ 'ఊఁ' కోసం ఉత్పల మూడు నెలలుగా ఎదురుచూస్తోంది.

"ఆ వైద్యుడికి రాకుమారి కలలో ఒక్క సందే దొరికింది" అంది చెంగల్వమ్మ నెమ్మదిగా. "మిగతాది చేతకాలేదు. ఆ సందునే వందసార్లు అచ్చుగుద్ది, మధ్యలో అసలుదాన్ని దాచిపెట్టాడు. మనం 'అదే' అంటే వాడు ఈ వందా కలిపి ఆ పిల్ల చెవిలో పోస్తాడు. లేస్తుంది, నవ్వుతుంది, వాడు చెప్పినదల్లా వింటుంది. జీవితమంతా ఈ సందులోనే తిరుగుతుంది."

"కాదందాం!"

"కాదంటే శంఖం ఏనుగు కాలికింద పడుతుంది. అసలు సందు కూడా ఇందులోనే ఉందే పిచ్చిదానా."

అప్పుడే దూరంనుంచి ఒక చప్పుడు వినిపించింది. అన్ని ఉయ్యాలలూ చప్పుడు లేకుండా ఊగుతుంటే ఎక్కడో ఒకటి కిర్రుమంది. కాసేపాగి మళ్ళీ కిర్రుమంది. ఇద్దరూ ఆ చప్పుడు వెంట పరుగెత్తారు. సందు తర్వాత సందు, మలుపు తర్వాత మలుపు. చివరికి ఒక సందు చివర సముద్రం కనిపించింది. మెరుగుపెట్టిన వెండిపళ్ళెంలా అలలు లేని నీళ్ళు. చప్పుడు ఆ పక్క సందులోంచే వస్తోంది.

"ఇంకొక్క గుర్తు మిగిలింది. ఈ నీళ్ళ రుచి" అంది చెంగల్వమ్మ.

"ఆగండత్తయ్యా! మా పడవవాళ్ళం కొత్తనీళ్ళకు గుప్పెడు గింజలు వెయ్యనిదే చెయ్యి పెట్టం. ఏ నీళ్ళు ఎలాంటివో..."

"మీ ఆచారం మీది, మా ఆచారం మాది" అని చెంగల్వమ్మ వంగి, వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ముప్పయ్యేళ్ళుగా ముత్యం వచ్చినా, ముద్ర వచ్చినా, తేనె వచ్చినా ఆమె చేసింది అంతే. ఆమె అలా చేస్తుందని ఈ శంఖం తయారుచేసినవాడికీ తెలుసు.

ఆమె కాసేపు కళ్ళు మూసుకుంది.

"తియ్యగా ఉందా అత్తయ్యా?"

"తియ్యగా ఉంది." చెంగల్వమ్మ కళ్ళు తెరిచి చిన్నగా నవ్వింది. "ఉప్పగా కూడా ఉందేమో. ఏదైతేనేం, రెండూ అదేగా."

ఉత్పల చటుక్కున ఆమె మొహంలోకి చూసింది. ముప్పయ్యేళ్ళుగా అత్తగారు ఎంతో ఆచితూచి పలికే మాట అది.

వెనక నూరు సందుల్లో నూరుగురు తాతలు ఒక్కసారిగా తలలెత్తారు. నూరు దండలు చేతుల్లోంచి జారి, ఇసకలో పడి, తెల్లని పాములై లేచాయి. ప్రతి పాము వంటిమీదా ఏడో పొలుసుకూ ఎనిమిదో పొలుసుకూ మధ్య ఖాళీ. వాటి నోళ్ళలోంచి అగరు పొగ. "చెప్పమ్మా, ఆ మాట ఇంకోసారి చెప్పు" అని నూరు గొంతులు అగరుదత్తుడి గొంతుతో బతిమాలాయి.

"అత్తయ్యా, ఇటు!"

"ఎటైనా అదేనమ్మా" అంది చెంగల్వమ్మ, నిలబడ్డచోటునుంచి కదలకుండా.

ఉత్పల కొంగుముడి పట్టుకుని ఆమెను లాక్కుపోయింది. పక్క సందులోకి తిరిగేసరికి కిర్రుమంటున్న ఉయ్యాలమీద పదహారేళ్ళ అమ్మాయి కూర్చుని ఉంది. చెదిరిన జడ, నిద్రమొహం, బోసి పాదాలు. ఒక పాదానికి పొగతో పేనిన తాడు ఉయ్యాలకు కట్టి ఉంది.

"మీరు వెళ్ళిపోతారా?" అంది రాకుమారి. "ఇంతకుముందు ఒక పిట్ట వచ్చింది. అదీ వెళ్ళిపోయింది."

ఉత్పల మోకాళ్ళమీద కూలబడి ముడి పట్టుకుంది. పడవముళ్ళు ఎన్నో విప్పిన చేతులవి. ఈ ముడి ఎలా పడిందో అర్థమైంది గానీ విప్పడానికి ఒక ఘడియ కావాలి. పాములకు అరఘడియ చాలు.

"మళ్ళీ వస్తాను తల్లీ."

"ఎలా కనుక్కుంటారు? అన్నీ నా సందులాగే ఉంటాయిగా."

ఉత్పల తన పచ్చచీర అంచు చింపి ఉయ్యాల తాడుకు కట్టింది. కట్టి, తలతిప్పి పక్క సందులోకి చూసింది. అక్కడి ఉయ్యాలకూ పచ్చని అంచు ఉంది. దాని పక్క సందులోనూ ఉంది. చూస్తుండగానే నూరు ఉయ్యాలలకు నూరు పచ్చ పేలికలు రెపరెపలాడాయి.

పాములు సందు మొదట్లోకి వచ్చేశాయి.

ఉత్పల ఇక ఆలోచించలేదు. ఒక ఇంటి తలుపును కీళ్ళతో సహా ఊడబెరికి నీళ్ళలోకి తోసింది. దానిమీద అత్తను కూర్చోబెట్టింది. దీపస్తంభాన్ని భుజంతో గుద్ది పెకలించింది. గాజుబుడ్డి పగిలి చేప సముద్రంలోకి దూకింది. స్తంభమే గడకర్ర అయింది. ఒక్క తోపుకు తలుపు ఒడ్డు విడిచింది. మొదటి పాము నీళ్ళు తాకగానే తెల్లని పూలరేకులై విడిపోయింది, రెండోది దాన్ని చూసి ఆగింది. అలలు లేని సముద్రం మాత్రం అప్పుడు మేలుకుంది. గోడలా లేచిన అల మీదికి తలుపును అడ్డంగా ఎక్కించి, మరో అల నడుమునుంచి జారవిడిచి, మూడో అలకు వీపు తిప్పి దానితోపాటే పరుగెత్తించింది ఉత్పల. పుట్టింటి రేవులో వరదనాడు నేర్చిన విద్య అది. ఎదురుగా గులాబిరంగు అంచు, దాని అవతల నారింజపండులా అస్తమిస్తున్న నిజమైన సూర్యుడు కనిపించాయి.

"ఎంత బాగా నడుపుతున్నావమ్మా" అంది చెంగల్వమ్మ ప్రేమగా. "మునిగినా అదే, తేలినా అదే."

పెరట్లో శంఖం పక్కన పొద్దుటినుంచి కదలకుండా కూర్చున్న సారంగుడు గబుక్కున లేచాడు. ఇద్దరూ తడిబట్టలతో చాపమీద పడ్డారు. చెంగల్వమ్మ లేచి, కొడుకు చాచిన చెయ్యి దాటి, తలుపు దగ్గర కావలి ఉన్న భటుడి దగ్గరికి నడిచి అతని బుగ్గ నిమిరింది.

"నాయనా సారంగా, పొద్దుటినుంచి ఏమైనా తిన్నావా?"

భటుడు బిక్కమొహం వేశాడు. సారంగుడు మొదట నవ్వాడు. తర్వాత తల్లి తనవైపు తిరిగి, అంతే ప్రేమగా, "నువ్వూ తిన్నావా బాబూ, ఎవరబ్బాయివి?" అని అడిగేసరికి అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

ఉత్పల నాలుగు మాటల్లో భర్తకూ మామగారికీ జరిగింది చెప్పింది. చెబుతూ వాకిలివైపు చూస్తే, అగరుదత్తుడు ఉత్తరీయం సర్దుకుంటూ నవ్వుతున్నాడు.

"ఆ వైద్యుడే మాంత్రికుడు. ఇప్పుడే రాజదూతతో చెప్పేద్దాం" అన్నాడు సారంగుడు.

"మాట హక్కు ఉన్న మనిషి చెబితేనే వింటారు. హక్కు మీ అమ్మది" అన్నాడు గవరయ్య.

దీపాలు పెట్టేవేళకు వంటింటి ముందు సావిట్లో నలుగురికి చెంగల్వమ్మ ఐదు విస్తళ్ళు వేసింది. సాటిమాట ఇంట్లో తీర్పును కొలువులో చెప్పరు. తనవాళ్ళ మధ్య, అన్నం ముందు కూర్చుని చెప్పాలి. అన్నం చేతిలో ఉండగా ఎవరూ అబద్ధమాడలేరని పూర్వపు రాజు నమ్మకం. రాజదూత గుమ్మం బయట నిలబడి విని, ఆ మాట మోసుకుపోతాడు. ఐదో విస్తరి ఎవరికని సారంగుడు అడిగితే చెంగల్వమ్మ, "గుమ్మంలో అబ్బాయికి" అని ఆ భటుడిని పిలిచింది. అతను రాజదూతవైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ విస్తరి ఖాళీగా ఉండిపోయింది.

వడ్డన చెంగల్వమ్మే మొదలుపెట్టింది. ఆవుకు తీసిపెట్టిన తవుడు తెచ్చి గవరయ్య విస్తట్లో వేసింది. ఆయన ఒక క్షణం దాన్ని చూశాడు. పులుసు పోలికకు పొద్దున పొలమారేలా నవ్విన మనిషి, తల వంచుకుని ఆ తవుడులోనే వేళ్ళు పెట్టాడు. సారంగుడు తల్లి చేతిలోంచి గిన్నె తీసుకుని ఆమెను మెల్లగా తన పక్కన కూర్చోబెట్టాడు.

రాజదూత కర్రతో గుమ్మాన్ని తట్టాడు.

"సాటిమాట ఇంటి చెంగల్వమ్మా, నువ్వు కాపురం చేసి చూసిన కల రాకుమారి మౌక్తిక కలేనా?"

అగరుదత్తుడు అతని భుజం వెనకనుంచి లోపలికి తొంగిచూశాడు. సావిట్లో అగరు వాసన కమ్మింది. చెంగల్వమ్మ అన్నం ముద్ద చేతిలోకి తీసుకుని, తియ్యగా నవ్వి, నోరు తెరిచింది.

"ఈ మాట చెల్లదు!" అంది ఉత్పల.

అందరూ ఆమెవైపు తిరిగారు. ఆమె విస్తట్లో ఇంకా మెతుకు పడలేదు.

"ఇంట్లో ఒక్కరు అన్నం ముట్టకుండా ఉన్నా ఆ పూట మాట చెల్లదు. అందరి చేతుల్లోనూ అన్నం ఉండాలి. నేను తినను."

"ఇదేం పిల్లచేష్ట!" అన్నాడు అగరుదత్తుడు.

ముసలి రాజదూత గడ్డం నిమురుకున్నాడు. "ఆచారం ఉంది వైద్యులవారూ. మా తాత ఒకసారి చూశాడట. కోడలు అలిగి లేస్తే, ఆమె విస్తరి వాడిపోయేదాకా గడువు. ఆలోగా వచ్చి కూర్చుంటే మాట ఆమెది. వాడిపోతే ఆమె లెక్కలో లేనట్టే. అత్త మాటే మాట."

"ఆ తర్వాత?" అన్నాడు అగరుదత్తుడు.

"ఆ మాటను ఆపడానికి ఇంకెవరికీ హక్కు లేదు."

అగరుదత్తుడి పెదవులమీదికి నవ్వు తిరిగొచ్చింది. "అలాగే కానివ్వండి. అయితే విస్తరి వేశాక వడ్డించాలి కదా. పాపం, వేడివేడిగా వడ్డించండి ఆ అమ్మాయికి. పొగలు కక్కేలా."

పొగలు కక్కే అన్నం పడితే లేత అరిటాకు ఎంతసేపు నిలుస్తుందో అక్కడున్న ఎవరికీ చెప్పనక్కరలేదు. సారంగుడు చేతిలోని గిన్నెను వెనక్కి తీసుకున్నాడు.

"మా ఇంట్లో కోడలికి చివర్న, అంతా చల్లారాకే వడ్డిస్తారు" అన్నాడు గవరయ్య తలెత్తకుండా. "దరిద్రపు అలవాటే. తరతరాలుగా ఉంది. అవునా కాదా రాజదూతగారూ? మీ ఇంట్లో ఎలా?"

"మా ఇంట్లోనూ అంతేనండీ" అన్నాడు రాజదూత.

ఉత్పల లేచి నిలబడింది. పెరట్లోంచి శంఖం తెచ్చి రెండు చేతులా పట్టుకుంది. ఇంతమంది ముందు గొంతెత్తి మాట్లాడడం ఆమెకు ఇదే మొదటిసారి. 

"అందరూ వినండి. నేను మళ్ళీ లోపలికి వెళుతున్నాను. ఈసారి ఒక్కదాన్నే. నూరు సందుల్లో అసలు సందు కనిపెట్టి, ఆ పిల్ల కాలి ముడి విప్పి తీసుకొస్తాను. ఆ నీళ్ళలో అత్తయ్య పోగొట్టుకున్నదేదో అదీ వెతుకుతాను. వచ్చి ఈ విస్తరి ముందే కూర్చుంటాను. అప్పుడు మాట నేను చెబుతాను. తప్పయితే తెడ్డులేని పడవ నాకు."

 సారంగుడు నడుముకు చుట్టుకున్న వలతాడు విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎందుకమ్మా ఈ గొడవంతా?" అంది చెంగల్వమ్మ అన్నం ముద్ద అలాగే పట్టుకుని, పసిపాపలా. "నువ్వెళ్ళినా నేనెళ్ళినా అదేగా. కూర్చో."

"కాదత్తయ్యా" అంది ఉత్పల. ఆ ఇంట్లో ఆ అత్తను ఆ మాట విషయంలో దిద్దిన మనిషి ఇంతవరకు లేరు. ఉత్పల ఆమె పాదాలకు దణ్ణం పెట్టి, శంఖం చెవికి ఆనించుకుని చాపమీద ఒరిగింది. నాలుగు ఊపిరుల తర్వాత ఆమె రెప్పలు వాలాయి.

 అగరుదత్తుడు గుమ్మం దాటకుండానే మెడ చాచి, ఉత్పల విస్తరి అంచును కన్నార్పకుండా చూస్తున్నాడు. దీపం వేడికి ఆకు కొస అప్పుడే కొంచెం ముడుచుకుంది.

గవరయ్య తవుడు అంటిన చెయ్యి కడుక్కున్నాడు. దీపాన్ని దూరంగా జరిపాడు. చెంబు పక్కన పెట్టుకుని, కోడలి విస్తరి ముందు బాసీపట్టు వేసుకుని కూర్చుని, వేళ్ళతో ఆకుమీద నీళ్ళు చల్లాడు.

"అలా చల్లవచ్చా?" అని అరిచాడు అగరుదత్తుడు.

"విస్తట్లో నీళ్ళు చల్లకుండా మీ దేశంలో భోంచేస్తారేమో నాయనా" అని గవరయ్య మళ్ళీ చెంబులో చెయ్యి ముంచాడు.